మా తొట్టికి టికెట్ పెట్టిన మహానుభావులకు

టూరిస్టులే రాకపోతే మా ఊరు ఏమైపోయి ఉండేది? ఉత్త ఊరుగా మిగిలిపోయేది! అంతకన్నా ఘోరం ఇంకేముంటుంది?

నవ్వకండి. నేను సీరియస్‌గానే చెబుతున్నాను. మా శాంతా ఉర్సులాలో పైన అగ్నిపర్వతం ఉంది, మధ్యలో స్పెయిన్ దొరలు కట్టి భూకంపాలకు అప్పగించిపోయిన చర్చి ఉంది, చుట్టూ కాఫీ తోటలున్నాయి, వీటన్నిటి సందుల్లో మేమున్నాం. ఈ వరసలో మాది ఆఖరి స్థానమని యాభై ఏళ్ళొచ్చేదాకా నాకు తెలియనే తెలియదు. ఆ జ్ఞానం ప్రసాదించింది టూరిస్టులే.

నా పేరు ఎలెయుతేరియో. ఊళ్ళో దోన్ తేయో అంటారు. వయసులో ఉన్నప్పుడు రాజధానికెళ్ళే బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ "గ్వాతె, గ్వాతె, గ్వాతె!" అని రాజధాని పేరు అరిచేవాణ్ణి. ఇప్పుడు మెడలో గైడు బిళ్ళ వేసుకుని "పదహారో శతాబ్దం, పదిహేడో శతాబ్దం, ఇటు రండి!" అని అరుస్తున్నాను. గొంతు అదే, ఎక్కేవాళ్ళు మారారు.

ముందు మా పుట్టినరోజుల సంగతి చూడండి. మా దగ్గర పుట్టినరోజంటే తెల్లవారి ఐదింటికి గుమ్మంలో టపాకాయల సరం పేలాల్సిందే. పేలకపోతే ఆ మనిషి పుట్టినట్టే కాదు. ఎన్ని తరాలుగా మేమిలా చెవులు చిల్లులు పడేలా పుడుతున్నామో లెక్కలేదు. ఒకరోజు హోటల్లో దిగిన ఒకాయన ఆ చప్పుడుకి మంచం కిందకి దూరి, అక్కణ్ణుంచే వాళ్ళ ఎంబసీకి ఫోన్ చేసి, ఊళ్ళో తిరుగుబాటు మొదలైందని చెప్పేశాడు. వెంటనే మా సుందరీకరణ సంఘం కూర్చుని తీర్మానం చేసింది. ఆనాటి నుంచి శాంతా ఉర్సులాలో ఎవరూ ఉదయం పదింటికి ముందు పుట్టడం లేదు. తల్లులందరికీ హాయిగా ఉంది!

చర్చి సంగతికొస్తే, పైకప్పు వేయిద్దామని ఫాదర్ పాపం ఇరవై ఏళ్ళుగా చందాలు పోగుచేశాడు. సంఘం అధ్యక్షుడు లిసెన్సియాదో ఓస్బెర్టో ఆయన్ని కూర్చోబెట్టి నచ్చజెప్పాడు. (మా దేశంలో డిగ్రీ ఉన్న ప్రతి మగాడూ లిసెన్సియాదోనే. లేని వాళ్ళు కూడా టై కట్టుకుంటే చాలు.)

"ఫాదర్, కప్పేశారనుకోండి, అది ఉత్త చర్చి అయిపోతుంది. ఉత్త చర్చిలు దేశంలో ఎన్ని లేవు! కూలిపోయిన చర్చికి ఎంత గిరాకీయో మీకు తెలీదు."

ఇప్పుడు మేం వానాకాలం పూజకి గొడుగులు వేసుకుని వెళుతున్నాం. పోయినేడు భూమి కాస్త కంపించి పడమటి గోడ మరో జానెడు చీలింది. లిసెన్సియాదో పరుగున వచ్చి ఆ చీలికను చూసి శిలువ గుర్తు వేసుకున్నాడు. ఏడుపుతో అనుకున్నారా? ఆ పగుల్లోంచి సూర్యాస్తమయం కనిపిస్తుందట! సాయంత్రం ఐదుంపావుకి అక్కడ నిలబడటానికి కూడా చోటు దొరకదు.

ఇక అగ్నిపర్వతం. మేం దాన్ని ముసలమ్మ అంటాం. రోజుకి రెండుసార్లు పొగ వదులుతుంది, నెలకోసారి బూడిద చల్లుతుంది, మిగతా వేళల్లో కునుకు తీస్తుంది. ఒకావిడ పదమూడు గంటలు విమానంలో వచ్చిందట, ముసలమ్మ ఆ రెండు రోజులూ ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయింది. ఆవిడ నన్ను నిలదీసింది. నేనేం చేయను? "పొద్దున మాట్లాడానమ్మా, రేపు చూద్దామంది" అని చెప్పాను. ఆవిడ నిజంగానే ఇంకో రోజు ఉండిపోయింది.

ఇన్ని చూశాక కూడా టూరిస్టులు పీడ అనే మనిషి మా ఊళ్ళో ఒకే ఒక్కరున్నారు. ఆవిడ నా కొమాద్రె, యుఫ్రాసియా చిరోయ్.

వాళ్ళమ్మాయి వెండీకి బాప్తిస్మంలో నేను జ్ఞానతండ్రిని. దాంతో పిల్ల తల్లి నాకు కొమాద్రె, నేనామెకు కొంపాద్రె అయిపోయాం. ఈ బంధం కలిశాక మా దగ్గర ఎంత తిట్టుకున్నా "మీరు" అనే తిట్టుకోవాలి. మేమిద్దరం పంతొమ్మిదేళ్ళుగా చాలా మర్యాదగా తిట్టుకుంటున్నాం.

ఆమె పదకొండు ఇళ్ళ బట్టలు ఉతుకుతుంది, నా గైడు చొక్కాతో సహా. ఒకసారి నేనొక బృందాన్ని తీసుకెళుతుంటే, ఒక పెద్దమనిషి ఆమెను ఆపి, చేతులు తిప్పుతూ, మాయా జాతి వాళ్ళంతా ఉన్నట్టుండి ఎక్కడికి మాయమైపోయారో ఎవరికైనా తెలుసా అని అడిగాడు. నేను తర్జుమా చేశాను. మాయా అమ్మమ్మకి మాయా మనవరాలైన యుఫ్రాసియా తల మీది బేసిన్ సర్దుకుంది.

"మార్కెట్‌కి పోయారని చెప్పండి కొంపాద్రె. ఇవాళ టమాటా చవక. పన్నెండింటికల్లా వచ్చేస్తారు."

నేను ఆయనకు, వాతావరణంలో మార్పులే కారణమై ఉండొచ్చని తర్జుమా చేశాను. ఆయన నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

అసలు విషయానికి వస్తున్నాను. చర్చి ఎదురుగా మా ఉతుకుడు తొట్టి ఉంది. మధ్యలో పెద్ద రాతి తొట్టి, దాని చుట్టూ పద్దెనిమిది బండలు. దానికి రాయని చట్టాలు రెండున్నాయి. ఒకటి, సబ్బు చెయ్యి తొట్టిలో పెట్టకూడదు, నీళ్ళు ముంతతో ముంచుకుని బండ మీదే ఉతుక్కోవాలి. రెండు, ఎవరి బండ వాళ్ళది. తల్లి బండ కూతురికి వస్తుంది. చర్చి వైపు నుంచి ఏడో బండ యుఫ్రాసియాది. వాళ్ళ అమ్మమ్మ ఉతికి ఉతికి దాని మధ్యలో గుంట పడింది. ఆ గుంటలో పెట్టి రుద్దితే కాలరు మురికి వదిలినంత బాగా ఇంకెక్కడా వదలదని ఆమె గట్టి నమ్మకం. నా చొక్కా సాక్షిగా నాదీ అదే నమ్మకం.

కుళాయిలు లేవా అంటారా? ఎందుకు లేవు! ఇంటింటికీ ఉన్నాయి. రెండేళ్ళుగా వాటిలో గాలి వస్తోంది. గాలికి మీటరు తిరుగుతుంది, బిల్లూ వస్తుంది. వారానికోసారి నీళ్ళు కూడా వస్తాయి, అవి వంటకీ తాగడానికీ సరి. ఇదేమిటని అడిగితే సంఘం వారు ముసలమ్మ వైపు వేలు చూపించారు. భూమి లోపల ఊట దారి మళ్ళిందట. ముసలమ్మ ఎదురు చెప్పలేదు.

ఈ జనవరిలో సంఘం మా తొట్టిని వారసత్వ సంపదగా ప్రకటించింది. చుట్టూ ఇనుప కంచె, గేటు, టికెట్ కిటికీ! నాకైతే ఒళ్ళు పులకరించింది. మన మురికి బట్టలకు ఇంత గౌరవమా?

తర్వాత తెలిసింది, గౌరవం తొట్టికే, బట్టలకు కాదు. మురికి బట్టలు ఫోటోల్లో బాగోవు. సబ్బు నురగ కూడా బాగోదు. అసలు చిక్కు మా ఆడవాళ్ళతో వచ్చింది. లిసెన్సియాదో కంచె అవతల నిలబడి వాళ్ళను చాలాసేపు పరిశీలించి నిట్టూర్చాడు.

"ఏమీ అనుకోకండమ్మా. మీరు... ఎలా చెప్పను... అంత మాయాగా లేరు."

నిజమే మరి! కింద నేత లంగా కట్టుకున్నా, పైన యుఫ్రాసియా వేసుకున్నది మూటల్లో వచ్చే అమెరికా పాత టీషర్టు. దాని మీద ఏదో బేస్‌బాల్ జట్టు ఎలుగుబంటి బొమ్మ. రంగులన్నీ పోసి నెలల తరబడి నేసుకున్న వీపీల్ రవికె వేసుకుని దుప్పట్లు బాదడానికి ఆమెకేమైనా పిచ్చా?

అందుకని సంఘం వాళ్ళందరినీ కంచె బయటికి పంపి, రాజధాని నుంచి జసెలిన్ అనే నాటకాల అమ్మాయిని పిలిపించింది. రోజూ పదింటి నుంచి నాలుగింటి దాకా ఏడో బండ దగ్గర కూర్చుని, శుభ్రంగా ఉన్న తెల్లగుడ్డను, సబ్బు లేకుండా ఉతకడం ఆమె ఉద్యోగం. ఏడో బండే ఎందుకంటే ముసలమ్మ సరిగ్గా దాని వెనకే కనిపిస్తుంది. ఆ పిల్లకి అద్దె వీపీల్ వేశారు. ఏ ఊరి వీపీల్ ఆ ఊరిది, నేతలో పువ్వు చూసి మనిషిది ఏ ఊరో చెప్పేస్తాం. ఆ వీపీలేమో ఎక్కడో ఉత్తరాన, రెండు బస్సులు మారి వెళ్ళే ఊరిది. మా ఆడవాళ్ళ కళ్ళకు, ఎవరో పరాయి ఇంటిపేరు తగిలించుకుని పెళ్ళి పీటల మీద కూర్చున్నట్టుంది.

పిల్ల మంచిదే. మొదటిరోజు కంచెలోంచి గుసగుసగా యుఫ్రాసియాను అడిగింది.

"సెన్యో, గుడ్డ ఎటు నుంచి ఎటు రుద్దాలండీ?"

"నీ వైపు నుంచి అవతలికి రుద్దమ్మా. ఆ గుంటలో పెట్టు, పక్కన కాదు. మోచెయ్యి పైకెత్తు. అబ్బా, చపాతీ వత్తుతున్నావా ఏంటి!"

(చపాతీ అని నేనే మార్చాను. ఆమె అన్నది తోర్తియా. మీకు అర్థం కావడమే ముఖ్యం, గైడు ధర్మం అది.)

అలా తన బండ ఎలా వాడాలో కంచె బయట నిలబడి నేర్పి, యుఫ్రాసియా బేసిన్ ఎత్తుకుని ఏటికి నడిచింది. ఏరు గంట దూరం, దిగుడు. తిరిగొచ్చేటప్పుడు తడి బట్టలతో ఎక్కుడు. వ్యాయామం! హోటళ్ళలో ఇదే వ్యాయామానికి జనం గదులు కట్టించుకుంటున్నారు. ఆమెకు ఉచితంగా దొరికింది. ఒక్క కృతజ్ఞతా లేదు మనిషికి!

ఒకే ఒక్క చిన్న ఇబ్బంది వచ్చింది. ఏటి నిండా ముసలమ్మ బూడిదే. రంగు బట్టలైతే ఎవరూ గమనించరు. కానీ వెండీ రాజధానిలో నర్సు చదువుతోంది. తెల్ల యూనిఫాం, ఒక్కటే జత. ప్రతి శనివారం ఇంటికొచ్చి ఉతికించుకుని వెళుతుంది. ఆరు వారాలు ఏటి నీళ్ళలో మునిగాక అది ఏనుగు చెవి రంగుకొచ్చింది. వార్డు దగ్గర హెడ్ నర్సు పిల్లను రెండుసార్లు వెనక్కి పంపింది. రాబోయే సోమవారం ప్రాక్టికల్ పరీక్ష. ఈసారీ ఇలాగే వస్తే గుమ్మం దాటనివ్వనని, ఈ ఏడాది చదువు పోయినట్టేనని కచ్చితంగా చెప్పేసింది.

శనివారం మధ్యాహ్నం యుఫ్రాసియా నా ఇంటికొచ్చింది. యూనిఫాం నా బల్ల మీద పరిచింది.

"చూడండి కొంపాద్రె. మీ జ్ఞానపుత్రిక నర్సులా ఉందా, పొయ్యి తుడిచే గుడ్డలా ఉందా?"

"కుళాయి నీళ్ళు..."

"మంగళవారం వచ్చిన రెండు బిందెలు గురువారానికే అయిపోయాయి. దీన్ని మూడుసార్లు మంచినీళ్ళలో జాడించాలి. నా బండ మీద అరగంట చాలు నాకు. మీరు ఆ గేటు తీయించండి."

"నేను మామూలు గైడుని కొమాద్రె. నా చేతిలో ఏముంది?"

"ఈల ఉంది కదా, ఊదుకుంటూ తిరుగుతారుగా!"

ఈల సంగతి మీకు చెప్పాలి. టూరిస్టులకు తొట్టి దగ్గర "ఉతుకుడు అనుభవం" అని ఒకటి పెట్టాం. టికెట్ కొన్న ప్రతివాళ్ళూ పది నిమిషాలు బండ దగ్గర కూర్చోవచ్చు, సొంత గుడ్డ తెచ్చుకున్నా అభ్యంతరం లేదు, రోజుకి ఒక్కసారే. పది నిమిషాలవగానే నేను ఈల ఊదాలి. ఆ నిబంధనలు రాసింది కూడా నేనే. అగ్నిపర్వతం మీద మార్ష్‌మెలో మిఠాయి కాల్చుకునే టూర్ కాగితం చూసి కాపీ కొట్టాను. అందుకే అందులో ఆఖరి వాక్యం కూడా పొరపాటున అలాగే వచ్చేసింది: దేశ పౌరులకు ఆదివారం ప్రవేశం ఉచితం.

కాగితం తీసి ఆమె ముందు పెట్టాను. చదువుతుంటే ఆమె ముఖంలో వచ్చిన మార్పు చూసి, నా గైడు ఉద్యోగం పోవడానికి ఎన్ని రోజులు పడుతుందా అని లెక్క వేసుకున్నాను. ఒక్క రోజు పట్టింది.

ఆదివారం పదింటికి టికెట్ కిటికీ ముందు పదకొండు మంది ఆడవాళ్ళు వరసలో నిలబడ్డారు. తల మీద బేసిన్, చేతిలో గుర్తింపు కార్డు. ముందు యుఫ్రాసియా. ఎలుగుబంటి టీషర్టు మీద నల్ల కళ్ళద్దాలు కూడా పెట్టుకుంది. టూరిస్టన్నాక ఉండాలి కదా!

లిసెన్సియాదో రాజధాని నుంచి వచ్చిన అతిథులకు తొట్టి చూపిస్తున్నాడు. వీళ్ళను చూసి ముఖం మాడ్చుకున్నాడు.

"ఏంటమ్మా ఇదంతా?"

"చూడ్డానికొచ్చాం లిసెన్సియాదో. ఈ ఊరు చాలా బాగుంటుందని ఎవరో చెప్తే!"

"ఆ బేసిన్లేంటి?"

"సొంత గుడ్డ తెచ్చుకోవచ్చని కాగితంలో ఉందిగా. గైడు గారే రాశారట, పాపం చదువుకున్నాయన."

అతిథుల్లో ఒకావిడ అప్పటికే ఫోటో తీసేసింది, ఎంత సహజంగా ఉన్నారో అంటూ. ఇక లిసెన్సియాదో నవ్వక తప్పలేదు. గేటు తెరిచారు. జసెలిన్ ఏడో బండ మీంచి లేచి, చెప్పకుండానే పక్కకు తప్పుకుంది. యుఫ్రాసియా కూర్చుంది. ఆరు వారాల తర్వాత! ముంతతో నీళ్ళు తీసి, ముందు బండను కడిగింది. దానికే ఒక నిమిషం పోయింది. తర్వాత యూనిఫాం గుంటలో పెట్టి, ఉండ సబ్బు పట్టించి రుద్దడం మొదలుపెట్టింది. పదకొండు బండల మీద ఒకేసారి చప్పుడు లేచింది. చాలాకాలంగా ఆ చప్పుడు వినలేదని అప్పుడే నాకు తెలిసొచ్చింది.

నా వాచీ నడుస్తూనే ఉంది. కంచె బయట టికెట్లు కొన్న ముప్ఫైమంది విదేశీయులు ఎదురుచూస్తున్నారు. లిసెన్సియాదో నా వైపు, నా ఈల వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. తెల్ల నురగలోంచి నల్ల నీళ్ళు కారుతున్నాయి. కాలరు ఒక వైపు తెల్లబడింది.

పది నిమిషాలయ్యాయి. నేను ఈల ఊదాను.

అవును, ఊదాను. ఊదకుండా ఉంటానని మీరనుకున్నారా? బస్సులో ఉన్నప్పట్నుంచీ అంతే నేను, ఎవరు ఎక్కినా ఎవరు దిగిపోయినా టైముకి ఈల వేసేవాణ్ణి.

యుఫ్రాసియా లేచింది. సబ్బు కారుతున్న యూనిఫాంను బేసిన్‌లో వేసుకుంది. కళ్ళద్దాలు తీసి నన్ను చూసింది.

"సరే కొంపాద్రె. సబ్బయితే పెట్టాను. జాడించేది ఎక్కడ?"

నలభై శతాబ్దాల చరిత్ర చెప్పగలను నేను. ఈ ప్రశ్నకి మాత్రం తల దించుకుని నా బూట్లు చూసుకున్నాను. సిగ్గేసింది. చాలా సిగ్గేసింది.

తలెత్తి చూస్తే వీధి అవతల సన్యాసినుల పాత కాన్వెంట్. రెండేళ్ళ కిందట అది హోటలైంది, పేరు రాయను. రోజూ మూడుసార్లు నేను టూరిస్టులను దాని పెరట్లోకి తీసుకెళతాను. అది వారసత్వ కట్టడం కాబట్టి బిళ్ళ ఉన్న గైడు వెంట వచ్చిన బృందాన్ని ఆపకూడదు. అదీ సంఘం నియమమే.

నేను చెయ్యెత్తి, బస్సు నాటి గొంతుతో అరిచాను. "పదిహేడో శతాబ్దం, పదిహేడో శతాబ్దం! అందరూ నా వెనకే రండి!"

గేటు దగ్గర కాపలావాడు నోరెళ్ళబెట్టాడు. "దోన్ తేయో, ఈ బేసిన్లేంటండీ?"

"సందర్శకుల సామాను బాబూ. బరువుగా ఉంది, దారివ్వు."

పెరట్లోకి అడుగుపెట్టగానే ఆడవాళ్ళు ఆగిపోయారు.  ఎదురుగా, పూర్వం సన్యాసినులు నారింజ చెట్లు పెంచిన చోట, నీలం పలకల కొలను. అంచుదాకా నిండి, పక్కకి పొర్లి, కాలవలోంచి గడ్డిలోకి పోతోంది. ఒక మూల రాతి సింహం నోట్లోంచి వేలంత లావు ధార, ఆగకుండా. అందులో ఒకే ఒక్క మనిషి గాలి ఊదిన రబ్బరు బాతు మీద పడుకుని పుస్తకం చదువుకుంటున్నాడు.

యుఫ్రాసియా సింహం వంక చూసి బేసిన్ గట్టు మీద దించింది. తర్వాత తన ముంత తీసి, సబ్బు చెయ్యి నీళ్ళకు తగలకుండా, మా తొట్టి మర్యాద అక్కడా తప్పకుండా, ముంచుకుని గట్టు మీదే జాడించింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. మిగతా పదిమందీ అలాగే మొదలెట్టారు. బాతు మీది మనిషి లేచి కూర్చుని ఇది కూడా గది అద్దెలో కలిసిందేనా అని అడిగాడు. ప్రత్యేక ప్రదర్శన అని చెప్పాను. చప్పట్లు కొట్టాడు పాపం.

లిసెన్సియాదో వచ్చేసరికి నారింజ చెట్ల నిండా బట్టలు ఆరుతున్నాయి. నా ముందు చెయ్యి చాచాడు, నేను బిళ్ళ తీసి ఇచ్చేశాను. ఈల కూడా ఇచ్చాను. కొలను నీళ్ళలో కలిపే మందుకి యూనిఫాం కళ్ళు చెదిరేంత తెల్లబడిందని, హెడ్ నర్సు సోమవారం అందరి ముందూ వెండీని నిలబెట్టి మెచ్చుకుందని తర్వాత తెలిసింది. పిల్ల పరీక్ష పూర్తి చేసింది.

అందుకే అంటున్నాను, టూరిజం వరం అని. రెండేళ్ళు రోజుకి మూడుసార్లు పరాయి దేశాల వాళ్ళకి నేను ఆ పెరడు చూపించాను. సన్యాసినుల గురించి చెప్పాను, నారింజ చెట్ల గురించి చెప్పాను. ఇంటికెళ్ళి కుళాయి తిప్పి, గాలి వస్తుంటే ముసలమ్మను తిట్టాను. కొలనులో ఉన్నవి ఎవరి నీళ్ళో నాకు ఒక్కసారి కూడా తోచలేదు. తోచలేదా, తోచనివ్వలేదా, అది మీరే తేల్చండి.

ఆరోజు బేసిన్ నెత్తికెత్తుకుని బయటికి వస్తూ యుఫ్రాసియా వెనక్కి తిరిగి ఆ సింహం వంక ఇంకోసారి చూసింది.

"దారి మళ్ళిన ఊట ఇదేనన్నమాట కొంపాద్రె. మీరు గైడు కదా, మాకు ముందే చూపించి ఉండొచ్చుగా?"